కర్నూలు పాతబస్తీలో పాత కట్టడాలు నిలబెట్టాలంటే: సంఘం పెట్టేవాళ్లకు పని క్రమం

కర్నూలులో పాత కట్టడాలు కాపాడుకుందామని నలుగురు కూడితే ముందు కొండారెడ్డి బురుజు మాట వస్తుంది. ఆ వెంటనే హంద్రీ ఒడ్డున గోల్ గుమ్మజ్ అని పిలుచుకునే అబ్దుల్ వహాబ్ సమాధి. ఈ రెండూ కేంద్ర పురావస్తు శాఖ అధీనంలో ఉన్నవే. అక్కడ మీ సంఘం రాతి ముక్క కదపకూడదు, కదపాల్సిన అవసరమూ లేదు. మీ పని వేరే చోట ఉంది. ఏ జాబితాలోనూ లేని చౌడు మిద్దెలు (పైకప్పు మీద ఉప్పు మట్టి పోసిన పాత ఇళ్లు), గేరి మలుపులో పూడిపోతున్న బావి, గచ్చు ఊడిపోయిన మసీదు ప్రహరీ, 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 దాకా ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో సర్కారు ఆఫీసులు నడిచిన అద్దె భవనాలు. ఇవి కూలితే అడిగేవాళ్లు ఉండరు, ఇవి ఉన్నట్టు ఏ కాగితంలోనూ లేదు కాబట్టి. అందుకే మొదటి ఏడాది పని మరమ్మతు కాదు, జాబితా. రెండో పని ఇంటి పైకప్పు మీద నీళ్లు నిలవకుండా చూడటం. రంగులు, దీపాలు, బోర్డులు, ఆదివారం నడకలు ఇవన్నీ ఆ తర్వాతే.

ఏడుగురు, ఒక నిబంధనావళి

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదు కావడానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఉద్దేశాల పత్రం, నిబంధనావళి, సభ్యుల గుర్తింపు కాగితాలు, ఆఫీసు చిరునామాకు ఆధారం జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేస్తారు. ఉద్దేశాల్లో సర్వే, పరిరక్షణ, మేస్త్రీల శిక్షణ, విరాళాల సేకరణ నాలుగూ విడివిడిగా రాయండి. సంఘం మూతపడితే ఆస్తి సభ్యులు పంచుకోరని, ఇలాంటి పనే చేసే మరో సంఘానికి పోతుందని ఒక నిబంధన తప్పకుండా ఉండాలి. అది లేకపోతే తర్వాత ఆదాయపు పన్ను మినహాయింపు నమోదు దగ్గర ఫైలు ఆగిపోతుంది, మళ్లీ సవరణ తీర్మానం, మళ్లీ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగడం. ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లోపు కార్యవర్గం జాబితా దాఖలు చేయడం చాలా సంఘాలు మరిచిపోయే పని. కార్యదర్శి క్యాలెండరులో ఆ తేదీ ముందే రాసిపెట్టుకోవాలి.

బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టండి. నగదు విరాళం 2,000 రూపాయలు దాటితే దాతకు ఆదాయపు పన్ను రాయితీ రాదు, ఆ సంగతి రసీదు పుస్తకం మీదే అచ్చు వేయిస్తే తర్వాత తగాదాలుండవు. కంపెనీల సామాజిక బాధ్యత నిధులకు చారిత్రక కట్టడాల పునరుద్ధరణ అర్హమైన పనే. కానీ బయటి సంఘానికి ఇవ్వాలంటే ఇలాంటి పనిలో మూడేళ్ల అనుభవం చూపమంటారు. మొదటి ఏడాది నుంచి ప్రతి పనికీ ముందు ఫొటో, తర్వాత ఫొటో, బిల్లు దాచిపెట్టమనడం అందుకే.

ఏడుగురు ఎవరన్నది చట్టం కన్నా ముఖ్యం. ఒక సివిల్ ఇంజనీరు, ఒక వకీలు, పాతబస్తీలోనే కాపురముండే ఇద్దరు, ఉర్దూ, వీలైతే ఫార్సీ చదవగలిగిన ఒకరు ఉండాలి. 1839లో ఈస్టిండియా కంపెనీవాళ్లు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను దించేదాకా ఊరు నవాబుల చేతిలో ఉంది. గుమ్మం పైన పలకలూ ఇనప్పెట్టెల్లో దస్తావేజులూ ఆ లిపిలోనే తగులుతాయి. అవి చదివేవాడు లేకపోతే కట్టడం వయసు గురించి అందరూ చెప్పేది ఊహే.

జాబితా ఎలా రాయాలి

వీధికి ఇద్దరు చాలు, గుంపుగా వెళ్తే ఇంటివాళ్లు బెదురుతారు. కొలతలు తీయడానికి వచ్చారంటే రోడ్డు వెడల్పు చేస్తారేమోనన్న భయం పాతబస్తీలో ఎప్పుడూ ఉంటుంది. బుధవారపేటలోనైనా బండిమెట్టలోనైనా ముందు ఆ వీధి పెద్ద ఒకరితో మాట్లాడి, ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లండి. సంఘం పేరు, కార్యదర్శి సంతకం ఉన్న కాగితం చేతిలో ఉండాలి. లోపలికి రమ్మంటేనే లోపలికి. రమ్మనకపోతే బయటి ముఖం రాసుకుని వచ్చేయండి, రెండోసారి పిలుస్తారు.

సంచిలో ఉండాల్సినవి 30 మీటర్ల టేపు, 5 మీటర్ల టేపు, గోడ నిటారుగా ఉందో లేదో చూసే గుండు దారం, టార్చి, సన్నటి స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి, ఎరుపు తెలుపు పట్టీలు వేసిన ఒక మీటరు కర్ర. ప్రతి ఫొటోలో ఆ కర్ర పడాలి. కొలత లేని ఫొటో పదేళ్ల తర్వాత ఎందుకూ పనికిరాదు. ఒక్కో కట్టడానికి ఒక కార్డు. వార్డు, వీధి, వరుస సంఖ్య కలిపి ఒక నంబరు ఇచ్చి, అదే నంబరును ఫొటో ఫైళ్లకూ పెట్టండి. ఇంటి యజమాని పేరు బహిరంగ జాబితాలో వద్దు, లోపలి రిజిస్టరులో ఉంటే చాలు.

గది కొలిచేటప్పుడు నాలుగు గోడలతో ఆపకండి, రెండు మూలకర్ణాలూ (ఎదురెదురు మూలల మధ్య దూరాలు) కొలవండి. పాత ఇళ్లలో మూలమట్టం ఉన్న గది అరుదు. కర్ణాలు లేకుండా గీసిన ప్లాను కాగితం మీద కలవదు, మళ్లీ వెళ్లాలి. గోడ మందం గుమ్మం దగ్గర కొలవాలి. రాతి గోడ రెండడుగులుంటే అది ఒకే గోడ అనుకోవద్దు. బయట ఒక రాతి వరుస, లోపల ఒక వరుస, నడుమ మట్టీ రాళ్ల ముక్కలూ నింపి కడతారు. ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పట్టే పొడుగు రాళ్లు రెండు వరుసలనూ కలిపి ఉంచుతాయి. పైనుంచి నీళ్లు దిగితే నడుమ మట్టి జారి కిందికి కూర్చుంటుంది, బయటి ముఖం ఉబ్బుతుంది. గుండు దారం పైనుంచి వేలాడదీసి మూడడుగులకోసారి దారానికీ గోడకూ మధ్య దూరం రాయండి. ఇలా రెండు ముఖాల మీదా చేయాలి. బయట ఉబ్బి లోపల నిటారుగా ఉంటే నడుమ భాగం విడిపోయింది, అది త్వరగా చూడాల్సిన కేసు. రెండు ముఖాలూ ఒకే వైపు వాలి ఉంటే లోపం పునాదిలోనో పైకప్పు తోపులోనో ఉంది, అది ఇంజనీరు పని.

పగుళ్లు చూడగానే కంగారు పడకండి. నల్లరేగడి మీద పునాది ఉన్న ఇంట్లో ఏప్రిల్, మే నెలల్లో నేల కుంచించుకుని పగులు విచ్చుకుంటుంది, వానలు పడ్డాక సెప్టెంబరుకు మూసుకుంటుంది. వేసవిలో చూసినవాడు ఇల్లు పడిపోతుందంటాడు, శ్రావణంలో చూసినవాడు ఏం కాలేదంటాడు. పగులుకు రెండు వైపులా పెన్సిలుతో సన్నని గీత గీసి, తేదీ వేసి, గీతల మధ్య దూరం నెలకోసారి మిల్లీమీటర్లలో రాయండి. ఏడాది తిరిగాక మొదటి కొలతకే వస్తే అది రుతువుతో వచ్చేపోయే పగులు, సున్నంతో పూడిస్తే సరిపోతుంది. పెరుగుతూ పోతే పునాది చూడాలి. అద్దం ముక్కను జిప్సంతో అతికించే పద్ధతీ ఉంది, కానీ అద్దం పగిలిందని మాత్రమే చెబుతుంది, ఎంత కదిలిందో చెప్పదు.

2009 అక్టోబరు వరదలో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ప్రతి ఇంట్లో అడిగి కార్డు మీద గీయండి. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారి ఎగదన్నడంతో పాతబస్తీ మునిగింది. ఆ గీతకు కింద గోడలో చేరిన ఉప్పు ఈనాటికీ పనిచేస్తూనే ఉంటుంది. వరద తర్వాత చాలామంది ఆ భాగం సున్నపు పూత చెక్కేసి సిమెంటు పూశారు. అది ఎందుకు తప్పో కింద చెప్తాం.

బురుజు చుట్టూ ఉన్న ఇళ్ల సంగతి

కేంద్ర పరిరక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా నిషేధిత ప్రాంతం, ఆ తర్వాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. పురాతన కట్టడాల కేంద్ర చట్టం, 1958కి 2010లో చేసిన సవరణతో వచ్చిన నియమమిది. కొలత మొదలయ్యేది కట్టడం నడిమి నుంచి కాదు, పరిరక్షిత హద్దు నుంచి. మొదటి 100 మీటర్లలో కొత్త కట్టడం కుదరదు, ఉన్న ఇంటికి మరమ్మతు మాత్రం అనుమతితో చేసుకోవచ్చు. తర్వాతి 200 మీటర్లలో కొత్త కట్టడానికైనా మరమ్మతుకైనా అనుమతి తీసుకోవాలి. అనుమతి ఇచ్చేది కాంపిటెంట్ అథారిటీ అనే నియమిత అధికారి, సిఫారసు చేసేది జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థ.

ఇక్కడే సంఘానికి మంచిపేరో చెడ్డపేరో వస్తుంది. కురుస్తున్న మిద్దె బాగు చేసుకోవడానికి కూడా వీల్లేదని ఎవరో చెప్పగా నమ్మి, ఇంటిని వదిలేసినవాళ్లు ఉంటారు. రాత్రికి రాత్రి స్లాబు వేసి నోటీసు తెచ్చుకున్నవాళ్లూ ఉంటారు. దరఖాస్తు నింపడం, స్థలం ప్లాను, ఫొటోలు, హక్కు కాగితాలు జతచేయడం మీరు ఉచితంగా చేసిపెట్టండి. పురావస్తు శాఖను తిట్టే ఉపన్యాసం కన్నా ఒక అనుమతి కాగితం ఇంటాయనకు ఎక్కువ ఉపకారం.

రాష్ట్ర పురావస్తు శాఖ కట్టడాలకు 1960 నాటి రాష్ట్ర చట్టం వర్తిస్తుంది. గుడి అయితే దేవాదాయ శాఖ, దర్గా, మసీదు అయితే వక్ఫ్ బోర్డు. ఏది ఎవరిదో తేలకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, జిల్లా ఆఫీసులో 10 రూపాయల రుసుము, 30 రోజుల్లో జవాబు రావాలి. ఒక దరఖాస్తులో ఒకే ప్రశ్న అడగండి. పది అడిగితే తొమ్మిదింటికి 'మా శాఖకు సంబంధం లేదు' అని వస్తుంది. పరిరక్షిత బురుజు గోడలో రావి మొక్క కనిపించినా మీరు పీకకండి, ఫొటో తీసి శాఖకు రాయండి. మామూలు ఇళ్లలో కూడా మొక్కను లాగితే వేరుతో పాటు రాళ్లు వస్తాయి. మొదలు దగ్గర కోసి, మోడులో రంధ్రాలు చేసి కలుపు మందు పోసి, వేరు ఎండాకే తీయాలి.

మిద్దె

రాయలసీమ పాత ఇంటికి ప్రాణం పైకప్పులో ఉంది. గోడల మీద దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు (సన్నటి కర్రలు), దంతెల మీద చెక్కలో బండలో పరిచి, పైన మట్టి దట్టించి, అన్నిటికన్నా పైన చౌడు పోస్తారు. చౌడులో ఉప్పు పాలు ఎక్కువ. తడవగానే ఆ మట్టి రేణువులు విడిపోయి ఉబ్బి సందులన్నీ మూసేస్తాయి, కింది మట్టిలోకి నీళ్లు దిగవు. వాన వెలిశాక ఎండి మళ్లీ ఊపిరి పీలుస్తుంది. ఏటా తొలకరికి ముందు పలచగా కొత్త చౌడు పోయడం ఒకప్పుడు ఇంటింటి పని. అది ఆగిపోయిన ఏడు నుంచే కురవడం మొదలవుతుంది.

పైకి ఎక్కగానే మొదట మందం చూడండి. వాన నీళ్లు బయటికి దూకే దోనె దగ్గర పక్కనుంచి చూస్తే పొరలు కనిపిస్తాయి. పాతది గోకకుండా ఏళ్ల తరబడి చౌడు మీద చౌడు పోస్తే అడుగు మందం అయి ఉంటుంది. అంగుళం మట్టి చదరపు మీటరుకు 40 కిలోల పైనే బరువు. అడుగు మందమంటే 500 కిలోలు, తడిస్తే ఇంకా ఎక్కువ. దూలం వంగింది ముసలిదై కాదు, ఈ బరువుకు. ముందు పాత పొర గోకి దించాలి, అదీ ఒక మూల నుంచి కాదు, రెండు వైపుల నుంచి సమంగా. ఒక పక్కే దించితే దూలాలు మరో పక్కకు తిరుగుతాయి. గోకే ముందే కింద గదిలో దూలాల కింద జాకీలో సరుగుడు కర్రలో నిలబెట్టాలి, గది ఖాళీ చేయించాలి.

తర్వాత దూలం కొసలు. గోడలోకి దూరిన ఆ కొస అరడుగు మేర కుళ్లుతుంది, మధ్యలో ఎంత గట్టిగా ఉన్నా. సుత్తితో తట్టితే డొల్ల శబ్దం వస్తుంది, స్క్రూడ్రైవరు గుచ్చితే దిగిపోతుంది. దూలమంతా మార్చనక్కర్లేదు. కుళ్లిన కొస కోసేసి, అదే జాతి ఎండు కర్ర అతికించి, రెండు పక్కలా ఉక్కు పట్టీలు పెట్టి బోల్టులు బిగించవచ్చు, ఎంత పొడుగు పట్టీ, ఎన్ని బోల్టులన్నది ఇంజనీరు లెక్కగట్టాలి. కొస చుట్టూ గోడలో వేలు మందం ఖాళీ వదలండి. అక్కడ సిమెంటు కూరితే గాలి ఆడక కొత్త కర్ర కూడా అదే దారి పడుతుంది.

మళ్లీ పరిచేటప్పుడు దోనె వైపుకు గజానికి అంగుళం వాలు, పైన చౌడు రెండంగుళాలు మించకుండా. దోనె గోడకు కనీసం అడుగు దూరంలో నీళ్లు దూకేలా ఉండాలి. మిద్దె మీద రెండంగుళాల సిమెంటు గచ్చు వేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. అది చదరపు మీటరుకు వంద కిలోలు, పైగా కర్ర ఎండకీ వానకీ కదులుతుంది, సిమెంటు కదలదు. రెండు వేసవులు తిరగకముందే చీలుతుంది. చీలికలోంచి దిగిన నీరు పైకి ఆవిరి కాలేక మట్టిలోనే నిలిచి కర్రను తినేస్తుంది. పైన చూస్తే పొడిగా ఉంటుంది, అదే మోసం. తెల్లటి వాటర్‌ప్రూఫ్ రంగులూ, ప్లాస్టిక్ పట్టాలూ ఇదే తంతు. వానాకాలం మధ్యలో గత్యంతరం లేక పట్టా కప్పితే కప్పండి, వాన తెరిపి ఇవ్వగానే తీసేయండి.

సున్నం పని

వరద ఉప్పు సంగతి ఇక్కడికి వచ్చింది. గోడలో తడి ఎటో ఒక వైపు బయటికి పోవాలి. సున్నపు పూత ద్వారా పోతుంది, సిమెంటు ద్వారా పోలేక పైకి పాకి, పూత ఆగిన చోట రాయినీ ఇటుకనూ తినడం మొదలెడుతుంది. అందుకే సిమెంటు పూసిన ఇళ్లలో నడుము ఎత్తు దాకా బాగానే ఉండి, దానిపై అడుగు మేర ఇటుక పొడిపొడిగా రాలుతుంది. సిమెంటు పూతను ఉలీ సుత్తీతో చేత్తోనే తీయాలి, మెషిను పెడితే లోపలి కట్టు అదురుతుంది. రాయిని గట్టిగా పట్టుకున్న ముక్కను వదిలేయండి. బయటపడ్డ తెల్లటి ఉప్పును పొడి బ్రష్షుతో ఊడ్చి, చేటలో ఎత్తి బయట పారేయండి. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. ఆ తర్వాత ఒక పలచని సున్నపు పూత వేసి ఏడాది వదిలితే అది ఉప్పు పీల్చుకుని తానే పాడైపోతుంది. దాన్ని గీకేసి అప్పుడు అసలు పూత వేయాలి. తొందరపడి ముందే అసలు పూత వేసినవాళ్ల డబ్బు వృథా.

సున్నం బట్టీ నుంచి కొత్త గడ్డలే తేవాలి. గాలికి పొడి అయిన సున్నం చచ్చిన సున్నం. పిడికెడు గడ్డ నీళ్లలో వేస్తే కొద్ది నిమిషాల్లో బుసలు కొట్టి విచ్చుకోవాలి, లేకపోతే వెనక్కి పంపండి. ఇనప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి అందులోకి గడ్డలు కొంచెం కొంచెంగా వేయాలి, గడ్డల మీద నీళ్లు పోస్తే చిమ్ముతుంది. నీళ్లు తెర్లుతాయి, ప్లాస్టిక్ డ్రమ్ము కరిగిపోతుంది. కళ్లద్దాలు, రబ్బరు చేతితొడుగులు లేనివాళ్లను దగ్గరికి రానీయకండి. కంట్లో పడితే పావుగంట ఆగకుండా నీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విచ్చుకున్న సున్నాన్ని వడగట్టి, పైన నీళ్లు నిలిచేలా కనీసం నెల రోజులు నానబెట్టండి. విచ్చుకోని పలుకు మిగిలితే పూత వేశాక గోడలో ఉబ్బి బొబ్బలు తెస్తుంది.

మామూలు కట్టుకు ఒక పాలు ముద్ద సున్నం, మూడు పాళ్లు ఇసుక. తడి తగిలే గోడ అడుగుభాగానికి ఒక పాలు సున్నం, ఒక పాలు ఇటుక పొడి, రెండు పాళ్లు ఇసుక. ఇటుక పొడి తక్కువ మంటలో కాలిన నాటు ఇటుకదే కావాలి. నల్లగా గాజులా కాలిన ఇటుక పొడి సున్నంతో కలవదు, ఉత్త ఇసుకలా పడి ఉంటుంది. ఇసుక గాజు సీసాలో సగం దాకా పోసి, నీళ్లు కలిపి ఊపి గంటసేపు ఉంచండి, పైన తేలిన ఒండ్రు ఇసుకలో నూటికి 8 వంతులు దాటితే కడగాలి. సున్నంలో కలిపే కరక్కాయ, బెల్లం నీళ్ల పాళ్లు మేస్త్రీ మేస్త్రీకీ మారతాయి. బెల్లం ఎక్కువైతే చీమలు, బూజు. కాబట్టి గోడ మూలన రెండడుగుల ముక్క పూసి, నెల తర్వాత మేకుతో గీకి చూసి అప్పుడే ఒప్పుకోండి.

ఒక్కో పూత అర అంగుళం మించవద్దు, వారం ఆగి రెండోది. గోనె పట్టాలు తడిపి పది రోజులకు తక్కువ కాకుండా కప్పి ఉంచాలి. సున్నం గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుని, అదీ తడి ఉన్నంతసేపే. కర్నూలు మే నెల ఎండలో పూసిన సున్నం సాయంత్రానికే ఎండి, గోరుతో గీకితే పిండిలా రాలుతుంది. జనం అది సున్నం తప్పనుకుంటారు. పని అక్టోబరు చివర్లో మొదలుపెట్టి ఫిబ్రవరిలో ముగించండి.

సున్నం చేయి తెలిసిన బేల్దారి మేస్త్రీలు ఇప్పుడు పెద్ద వయసువాళ్లే. ఆయనకు పూర్తి కూలి ఇచ్చి, పక్కన ఇద్దరు కుర్రవాళ్లను పెట్టండి, వాళ్లకూ కూలి ఇవ్వండి. ఊరికే నేర్చుకోమంటే మూడో రోజుకు రారు. అరిగిన నేల బండలకు బేతంచెర్ల రాయి ఇప్పటికీ సులువుగా దొరుకుతుంది, కానీ మెషిను పాలిషు వద్దని చెప్పి తెప్పించండి.

ఇంటాయనతో ఒప్పందం, శిథిల నోటీసు

పాత ఇంటికి వారసులు చాలామంది, కొందరు హైదరాబాదులో, కొందరు బెంగళూరులో. ఒకరి మాట మీద పని మొదలుపెడితే పండక్కి వచ్చిన తమ్ముడు ఆపేస్తాడు. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ధ్రువపత్రం) తీసి, హక్కుదారులందరి సంతకాలతో స్టాంపు కాగితం రాయించుకోండి. ఎవరి డబ్బు ఎంత, పని మధ్యలో ఆపితే ఎవరు భరించాలి, ఎన్నేళ్లదాకా కూల్చకూడదు అన్నవి అందులో ఉండాలి. స్నానాల గది కావాలంటే కాదనకండి. ఎక్కడ పెడితే పాత గోడకు తడి తగలదో చూపించండి. తాళం పడ్డ ఇల్లు కాపురం ఉన్న ఇంటికన్నా ముందు పోతుంది, కాబట్టి అందులో మనుషులు ఉండేలా చూడటం కూడా పరిరక్షణే.

వానాకాలం ముందు నగరపాలక సంస్థ శిథిల భవనాలకు నోటీసులిస్తుంది. నోటీసు వచ్చిందంటే కూల్చాల్సిందే అని కాదు, ప్రమాదం తొలగించమని. గడువులోపు లైసెన్సున్న స్ట్రక్చరల్ ఇంజనీరు రిపోర్టు, ఎక్కడ జాకీలు పెట్టారో ఫొటోలు, మరమ్మతు ఎప్పుడు ముగుస్తుందో తేదీతో సహా రాతపూర్వకంగా జవాబిచ్చి, రసీదు తీసుకోండి. నిజంగా పడిపోయే గోడ అయితే మనుషుల్ని ఖాళీ చేయించి, వీధి వైపు కంచె కట్టి, ఆ ఒక్క గోడ వరకే విప్పడానికి అనుమతి అడగండి. విప్పే ముందు రాళ్లకు వరుసగా సున్నంతో నంబర్లు వేసి ఫొటో తీస్తే, తిరిగి కట్టేటప్పుడు ఏ రాయి ఎక్కడిదో మేస్త్రీ వెతుక్కోనక్కర్లేదు.